ఇథనాల్ పెట్రోల్, మనం పీల్చే గాలి: అపోహలు - వాస్తవాలు

గాలి నాణ్యతను కొలవడం నా పని. ఆ సంగతి తెలియగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "పెట్రోల్‌లో ఇథనాల్ కలిపితే కాలుష్యం తగ్గుతుందా, పెరుగుతుందా?" ఒక్క మాటలో జవాబు కావాలంటారు. నేనేమో ఏ కాలుష్యం గురించి అని తిరిగి అడుగుతాను. కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, సూక్ష్మ కణాలు, అల్డిహైడ్లు... ఒక్కోదాని మీద ఇథనాల్ ఒక్కోలా పనిచేస్తుంది. పైగా ఎండాకాలం, చలికాలం, ఊరు నడిబొడ్డు, ఊరికి దూరంగా ఉన్న పొలాలు అన్నింటికీ ఒకే లెక్క సరిపోదు. తరచూ వినే మాటల్ని ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

అపోహ: మొక్కల నుంచి తీసింది కాబట్టి ఇథనాల్ పొగ ప్రమాదం లేనిది.

వాస్తవం: చెరకు నుంచి తీసినా, మొక్కజొన్న నుంచి తీసినా ఇంజిన్‌లోకి వెళ్లాక అది ఒక రసాయనమే. మొక్క పెరిగేటప్పుడు గాలి నుంచి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడే మళ్లీ గాలిలో కలుస్తోందనే వాదన వాతావరణ మార్పుకు సంబంధించినది. ఊపిరితిత్తుల లెక్క వేరు. ఇథనాల్ పూర్తిగా మండకపోతే ఎసిటాల్డిహైడ్ పుడుతుంది. అది కళ్లను, గొంతును మండిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉంచింది. అదే సమయంలో, ఇథనాల్ కలిపినప్పుడు సాధారణంగా బెంజీన్ తగ్గుతుంది. బెంజీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థం. అంటే ఎక్కువ ప్రమాదకరమైనది తగ్గి, తక్కువ ప్రమాదకరమైనది పెరుగుతోంది. మొత్తం మీద ఇది మేలే అనుకుంటాను. కానీ పెరిగినదాన్ని లెక్కలో చూపించకుండా తగ్గినదాని గురించి మాత్రమే చెబితే నేను ఒప్పుకోను.

ఎసిటాల్డిహైడ్ కథ అక్కడితో ఆగదు. ఎండలో, నైట్రోజన్ ఆక్సైడ్ల (బండ్ల పొగలో వచ్చే వాయువులు) సమక్షంలో దాని నుంచి పాన్ అనే పదార్థం తయారవుతుంది. పూర్తి పేరు పెరాక్సీఎసిటైల్ నైట్రేట్. చల్లని గాలిలో ఇది చాలాసేపు చెక్కుచెదరకుండా ఉండి, గాలివాటున వందల కిలోమీటర్లు ప్రయాణించగలదు. వెచ్చని చోటికి చేరాక విడిపోయి నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. బండి ఒకచోట తిరిగితే దాని ప్రభావం ఇంకోచోట కనిపించడానికి ఇదొక కారణం. అందుకే నగరంలోని స్టేషన్లు చూపే అంకెలతోనే మేం సరిపెట్టుకోం, గాలివాటున ఉన్న పల్లెల్లోనూ కొలుస్తాం.

అపోహ: ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి ఏ బండిలో పోసినా పొగ బాగా తగ్గుతుంది.

వాస్తవం: ఇథనాల్ బరువులో దాదాపు 35 శాతం ఆక్సిజనే. కార్బ్యురేటర్ ఉన్న పాత బండ్లలో ఇది నిజంగా పనిచేసింది. అమెరికాలోని డెన్వర్ ప్రాంతంలో చలికాలపు కార్బన్ మోనాక్సైడ్‌ను తగ్గించడానికి 1988లో ఆక్సిజన్ ఉన్న ఇంధనాలను తప్పనిసరి చేశారు. 1990లో అక్కడి స్వచ్ఛ వాయు చట్టాన్ని సవరించాక ఇలాంటి నిబంధన మరిన్ని నగరాలకు విస్తరించింది. కానీ ఇప్పటి బండ్లలో ఆక్సిజన్ సెన్సర్, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) ఉంటాయి. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో సెన్సర్‌తో గమనించి ఇంజిన్ తనంతట తానే ఇంధనాన్ని సర్దుకుంటుంది. ఇంజిన్ వేడెక్కాక తేడా బాగా తగ్గిపోతుంది. కొత్త బండ్లు ఎక్కువయ్యే కొద్దీ ఈ లాభం కరిగిపోతూ వస్తుంది.

అపోహ: ఇథనాల్ పెట్రోల్ కన్నా తక్కువ ఆవిరవుతుంది, కాబట్టి కలిపితే ఆవిర్లు తగ్గుతాయి.

వాస్తవం: నాకు అన్నింటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించే అపోహ ఇదే. వినడానికి న్యాయంగానే ఉంటుంది. 37.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్వచ్ఛమైన ఇథనాల్ ఆవిరి పీడనం (ద్రవం ఎంత తేలిగ్గా ఆవిరవుతుందో చెప్పే కొలత) సుమారు 16 కిలోపాస్కల్స్. మామూలు పెట్రోల్‌ది దానికి మూడు నాలుగు రెట్లు. తక్కువదాన్ని ఎక్కువదానిలో కలిపితే సగటు తగ్గాలి కదా అనిపిస్తుంది. జరిగేది దానికి పూర్తి వ్యతిరేకం. స్వచ్ఛమైన ఇథనాల్‌లో అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. పెట్రోల్‌లో కొద్దిగా కలిపితే చుట్టూ పెట్రోల్ అణువులే ఉండి ఆ పట్టు సడలిపోతుంది. దాంతో అవి తేలిగ్గా ఆవిరవుతాయి. 5 నుంచి 10 శాతం మిశ్రమాల్లో ఈ పెరుగుదల గరిష్ఠంగా, సుమారు 7 కిలోపాస్కల్స్ ఉంటుంది. 20 శాతం దగ్గర కాస్త తగ్గినా, ఇథనాల్ లేని పెట్రోల్ కన్నా ఇంకా ఎక్కువే. తిరిగి మొదటి స్థాయికి రావాలంటే మిశ్రమంలో దాదాపు సగం ఇథనాల్ ఉండాలి.

శుద్ధి కర్మాగారం ముందుచూపుతో ఉంటే దీన్ని సరిచేయవచ్చు. పెట్రోల్ నుంచి బ్యూటేన్ లాంటి తేలికపాటి పదార్థాలను కొంత తీసేసి, ఆ తర్వాత ఇథనాల్ కలిపితే పీడనం అదుపులో ఉంటుంది. అమెరికా 1990 చట్టంలో 10 శాతం మిశ్రమానికి ఇందుకు భిన్నంగా, ఎండాకాలంలో కూడా ఆ అదనపు 7 కిలోపాస్కల్స్‌కు మినహాయింపు ఇచ్చారు. ఒకే ఇథనాల్ శాతం ఉన్న రెండు ప్రాంతాల్లో గాలి వేరుగా ఉండటానికి ఇలాంటి నిబంధనలూ కారణమవుతాయి.

ఈ ఆవిర్లు సైలెన్సర్ నుంచి రావు. ఎండలో నిలిపి ఉంచిన బండి ట్యాంకు నుంచి, నింపేటప్పుడు బంకు దగ్గర, రబ్బరు పైపుల గోడల గుండా నెమ్మదిగా బయటికి వస్తాయి. ఇథనాల్ వల్ల రబ్బరు, ప్లాస్టిక్ గుండా ఇంధనం ఊరడం పెరుగుతుందని పరీక్షల్లో తేలింది. "నా బండి పొగ పరీక్షలో పాసైంది" అని చాలామంది ధీమాగా చెబుతారు. ఆ పరీక్షలో చూసేది సైలెన్సర్ కొనను మాత్రమే. బండి రాత్రంతా కదలకుండా ఉన్నా, దాని ట్యాంకు గాలిలోకి ఏదో ఒకటి వదులుతూనే ఉంటుంది. ఆవిర్లను పట్టి ఉంచే బొగ్గు డబ్బా బండిలో ఉందా, పనిచేస్తోందా అన్నది ఇథనాల్ శాతం అంత ముఖ్యమైన ప్రశ్న.

ఇంకో చిన్న విషయం. ఇథనాల్ లేని పెట్రోల్ సగం ఉన్న ట్యాంకును 10 శాతం మిశ్రమంతో నింపితే, ట్యాంకంతా 5 శాతం మిశ్రమం అవుతుంది. కానీ ఆవిరి పీడనం సగమే పెరుగుతుందనుకోకండి, దాదాపు మొత్తం పెరుగుతుంది.

అపోహ: ఇథనాల్ వాడితే ఓజోన్ కచ్చితంగా తగ్గుతుంది. (కచ్చితంగా పెరుగుతుందని చెప్పేవారూ అంతేమంది.)

వాస్తవం: ఇక్కడ ఓజోన్ అంటే నేల దగ్గరి గాలిలో ఏర్పడి ఊపిరితిత్తులకు హాని చేసేది. బండి నుంచి అది నేరుగా రాదు. నైట్రోజన్ ఆక్సైడ్లు, ఇంధనపు ఆవిర్లు ఎండలో కలిసి దాన్ని తయారుచేస్తాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు చాలా ఎక్కువగా ఉన్న నగరంలో వాటిని కాస్త తగ్గిస్తే ఓజోన్ పెరగవచ్చు. ఎందుకంటే బండ్ల నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ అక్కడికక్కడే ఓజోన్‌ను తినేస్తూ ఉంటుంది. నగరం దాటి పొలాలవైపు వెళ్తే పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గితే ఓజోన్ కూడా తగ్గుతుంది.

బ్రెజిల్‌లోని సావోపాలోలో దీన్ని నిజ జీవితంలో చూసే అవకాశం దొరికింది. ఆ దేశం 1975లోనే ఇథనాల్ కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడి కార్లలో చాలావరకు ఇథనాల్‌తోనైనా, పెట్రోల్ మిశ్రమంతోనైనా నడుస్తాయి. 2009-2011 మధ్య ధరలు మారడంతో జనం పెద్దఎత్తున ఇథనాల్ నుంచి పెట్రోల్‌కు మారారు. ఆ కార్లలో పెట్రోల్ వాడకం 14 శాతం నుంచి 76 శాతానికి వెళ్లింది. 2014లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం నేలస్థాయి ఓజోన్ దాదాపు 20 శాతం తగ్గింది. నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం పెరిగాయి. ఇథనాల్ వ్యతిరేకులు ఇక్కడితో చదవడం ఆపేస్తారు. అదే నగరం మీద 2017లో వచ్చిన మరో అధ్యయనం, పెట్రోల్‌కు మారినప్పుడు ఉదయం రద్దీ వేళల్లో అతిసూక్ష్మ కణాల సంఖ్య సుమారు మూడో వంతు పెరిగిందని చెప్పింది. ఆ కణాలు ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. ఒకే నగరంలో, ఒకే మార్పు వల్ల, ఒకటి మెరుగై ఇంకొకటి చెడింది. ఇంకో సంగతి: ఇది దాదాపు పూర్తి ఇథనాల్‌తో పోలిక. 10, 20 శాతం మిశ్రమాలకు ఇవే అంకెలు అతికించడం పొరపాటు.

అపోహ: ఇథనాల్ శాతం పెంచితే పీఎం 2.5 (గాలిలోని సూక్ష్మ కణాలు) సమస్య తీరుతుంది.

వాస్తవం: తీరదు. డీజిల్ పొగ, రోడ్డు దుమ్ము, చెత్త మంటలు, కర్మాగారాలు ఎక్కడివక్కడే ఉంటాయి. పెట్రోల్ వాటా వరకు చూస్తే కొంత మేలుంది. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య (ఇంజిన్‌లో ఇంధనం ముందే మండిపోకుండా తట్టుకునే గుణం) ఎక్కువ కాబట్టి, ఆ గుణం కోసం పెట్రోల్‌లో ఉంచే బెంజీన్ లాంటి అరోమాటిక్ పదార్థాలను శుద్ధి కర్మాగారాలు తగ్గించుకోవచ్చు. కణాలు ఎక్కువగా పుట్టేది వాటి నుంచే. వాటిని నిజంగా తగ్గించారా లేదా అన్నది అడగాలి.

అపోహ: మైలేజీ తగ్గుతుంది కాబట్టి కాలుష్యం కూడా అంత మేర పెరుగుతుంది.

వాస్తవం: లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. మైలేజీ కొంత తగ్గడం నిజమే. కానీ విషవాయువుల మోతాదును తేల్చేది ఇంజిన్, కన్వర్టర్ పనితీరు. లీటర్లతో నేరుగా ముడిపెట్టలేం.

అపోహ: లెక్క బండి దగ్గర మొదలై బండి దగ్గరే ముగుస్తుంది.

వాస్తవం: సావోపాలో రాష్ట్రంలో చెరకు కోతకు ముందు తోటలకు నిప్పుపెట్టేవారు. ఆ పొగ పక్క ఊళ్లను కమ్మేసేది. 2002లో చట్టం చేసి, 2007 ఒప్పందంతో గడువు ముందుకు జరిపి, యంత్రాలతో కోయగల భూముల్లో 2014 కల్లా, మిగతా చోట్ల 2017 కల్లా ఆపాలని నిర్ణయించారు. నగరంలో తగ్గిన పొగను లెక్కించేటప్పుడు పొలంలో పుట్టిన పొగను వదిలేస్తే, ఆ పల్లెల్లోని పిల్లల దగ్గును లెక్కలోంచి కొట్టేసినట్టే.

ఇక కొలతల సంగతి. ఓజోన్, కార్బన్ మోనాక్సైడ్ కొలిచే పరికరాలు నిరంతరం నడుస్తాయి. ఎసిటాల్డిహైడ్‌కు మాత్రం డీఎన్‌పీహెచ్ అనే రసాయనం పూసిన పదార్థం నింపిన చిన్న గొట్టం గుండా గంటల తరబడి గాలిని లాగి, ఆ గొట్టాన్ని ల్యాబ్‌కు పంపాలి. శ్రమ ఎక్కువ కాబట్టి చాలాచోట్ల దీన్ని చేయరు. ఇథనాల్ శాతం పెంచడానికి కనీసం ఏడాది ముందే, ఎండాకాలం చలికాలం రెండూ కలిసొచ్చేలా ఈ కొలతలు మొదలుపెట్టాలని నేను పోరుతూనే ఉంటాను. పెంచాక మొదలుపెడితే, వచ్చిన అంకెను దేనితో పోల్చాలో ఎవరికీ తెలియదు.