పాత ఊళ్ళ ఇళ్ళను ఫోటో తీయడం: అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలోని చిన్న ఊళ్ళలోనూ, ఒకప్పుడు రేవుపట్నంగా వెలిగిన భీమిలి పాత వీధుల్లోనూ కొన్నేళ్ళుగా పాత ఇళ్ళను ఫోటోలు తీస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు అడిగే ప్రశ్నల్లో చాలా వాటి వెనుక ఏదో ఒక అపోహ ఉంటుంది. వాటిలో కొన్నింటిని నేనూ నమ్మి నష్టపోయాను.

అపోహ: పాడుబడిన ఇల్లే ఫోటోకు అందం.

వాస్తవం: కూలిన గోడ, పగులులో మొలిచిన రావి మొక్క, ఊడిన పెంకులు ఎవరినైనా ఇట్టే ఆకర్షిస్తాయి గాని, ఆ ఇంటిని ఎవరు, ఎలా, దేనితో కట్టారన్నది అవి చెప్పలేవు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల నీటితో వరి విరివిగా పండి, ఆ పంట డబ్బు చేతిలో ఆడిన తరాలు కట్టుకున్న మండువా లోగిళ్ళు డెల్టాలో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. స్తంభాలకు, దూలాలకు రంగూన్ నుంచి ఓడల్లో వచ్చిన టేకును వాడిన ఇళ్ళూ వాటిలో ఉన్నాయి. దూలం మీద వాసం ఎలా కూర్చుందో, స్తంభం కింద రాతి దిమ్మె ఎలా ఉందో నిలబడి ఉన్న భాగమే చూపిస్తుంది. ఒకసారి కూలిన వంటింటి ముందు ట్రైపాడ్ పెట్టుకుని గంటసేపు కదలకుండా ఉంటే, ఆ ఇంటి పెద్దావిడ వసారాలోంచి, "కూలిన చోటే తీస్తున్నావేం బాబూ, నిలబడ్డ చోటు కనబడలేదా?" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

భీమిలిలోనూ ఇదే తంతు. డచ్చివారు 1825లో ఆ పట్నాన్ని ఆంగ్లేయులకు అప్పగించి వెళ్ళిపోయారు. 1861లోనే అక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. 1933లో పక్కనే విశాఖ హార్బరు తెరుచుకున్నాక ఆ రేవుకు పాత వైభవం మిగలలేదు. కెమెరా పట్టుకుని వచ్చినవారు డచ్చి సమాధులను తనివితీరా తీసుకుని వెళ్ళిపోతారు. ఆ పక్క వీధుల్లో మనుషులు కాపురముంటున్న పాత పెంకుటిళ్ళ వైపు చూసేవారు తక్కువ. తాళం వేసిన ఇల్లు కనిపించగానే దిక్కులేనిదని రాసేయడం కూడా తొందరపాటే, ఎందుకంటే సంక్రాంతికి ఆ తాళం తెరుచుకోవచ్చు.

అపోహ: ఉదయపు, సాయంత్రపు నీరెండలోనే తీయాలి.

వాస్తవం: ఇల్లు ఏ ముఖంగా ఉందన్నదే అసలు ప్రశ్న. తూర్పు ముఖం ఇంటికి ఉదయపు ఎండ చక్కగా పడుతుంది. ఉత్తర ముఖం ఇంటి ముందుభాగానికి శీతాకాలమంతా ఎండ తగలదు. అయితే మన ప్రాంతం 16, 17 డిగ్రీల అక్షాంశం మీద ఉండటంవల్ల మే నుంచి ఆగస్టు మొదటివారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో ఉదయమూ సాయంత్రమూ ఉత్తరపు గోడ మీద ఎండ ఏటవాలుగా జారి, గచ్చు పూలలోని ప్రతి గీతనూ పైకి తేలుస్తుంది. అలాంటి ఇంటికి డిసెంబరులో వెళ్ళి వెలుగు బాగాలేదని నిందించడం మన తప్పే. మండువాకైతే మిట్టమధ్యాహ్నమే మేలు: నాలుగు చూరుల మధ్య నుంచి దిగిన ఎండ నేలను తాకి, చుట్టూ ఉన్న వసారాల్లోకి కింది నుంచి పరావర్తనం చెందుతుంది. చెక్కుడు తలుపులకు నేను మబ్బు పట్టిన రోజునే ఎంచుకుంటాను.

అపోహ: ఇరుకు వీధుల్లో వైడ్ యాంగిల్ లెన్సు ఉంటే చాలు.

వాస్తవం: వైడ్ లెన్సును పైకి ఎత్తి తీస్తే నిలువు స్తంభాలు పైన దగ్గరకు వంగి, ఇల్లు వెనక్కి పడిపోతున్నట్టు కనిపిస్తుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో సరిచేయవచ్చు గాని, అప్పుడు ఫ్రేము అంచులు కత్తిరించక తప్పదు. కెమెరాను సమతలంగా ఉంచి, వీలైనంత వెనక్కి జరగడం, లేదా అడిగి ఎదురింటి మేడ ఎక్కడం మంచిది. సున్నం వేసిన గోడ విషయంలో మరో జాగ్రత్త అవసరం. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు దేన్ని చూసినా మధ్యస్థ బూడిద రంగుగానే భావిస్తుంది కనుక, తెల్లగోడ మాసినట్టు వస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుగును, ఒక స్టాప్ (రెట్టింపు) వరకు పెంచి చూడాలి.

అపోహ: నలుపు-తెలుపులోకి మారిస్తే పాతదనం వస్తుంది.

వాస్తవం: పోయేది నీలిమందు కలిపిన సున్నపు ఛాయ, గడప పసుపు, పెంకుల ఎరుపు. ఇల్లు పోయాక ఆ రంగులను తిరిగి తెలుసుకునే దారి ఉండదు. రంగుల్లో ఉన్న రా ఫైలును (కెమెరా పట్టిన వివరాలన్నీ మార్చకుండా ఉంచే అసలు ఫైలును) దాచుకుని, ఆ తరవాత మీ ఇష్టం.

అపోహ: నూరేళ్ళు నిండిన కట్టడాన్ని ప్రభుత్వమే కాపాడుతుంది.

వాస్తవం: 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం నిర్వచనంలో కనీసం నూరేళ్ళ వయసు ఒక షరతు మాత్రమే. జాతీయ ప్రాముఖ్యం గలదని ప్రకటించిన కట్టడాలకే ఆ రక్షణ వర్తిస్తుంది. వాటాలు పంచుకున్న ఇంటిని అన్నదమ్ములు రేపే విప్పి, టేకును తూకానికి అమ్ముకోవచ్చు, అది వారి హక్కు. కాబట్టి వచ్చే ఏడు తీద్దామనుకోవద్దు. వెళ్ళినప్పుడు మాత్రం అడగకుండా గడప దాటవద్దు.

అపోహ: ముందువైపు నుంచి మంచి ఫోటో ఒకటి ఉంటే సరిపోతుంది.

వాస్తవం: నేను చాలాకాలం ఇలాగే అనుకున్నాను. ఒక పెంకుటింటి ముందుభాగాన్ని ఎంతో శ్రమపడి తీశాను, నలుగురూ మెచ్చుకున్నారు. రెండేళ్ళకు గాలివానలో ఆ ఇంటి చూరు ఒక పక్క ఒరిగి, దాన్ని మోసే చెక్కుడు కొయ్యలు విరిగిపోయాయి. ఇంటివారు ఫోన్ చేసి, "వడ్రంగికి చూపించాలండీ, ఆ కొయ్యల ఫోటో మీ దగ్గరుంటే పంపండి" అని అడిగారు. వెతికితే నా ఫోటోలో ఆ చోట చిక్కటి నీడ తప్ప ఏమీ లేదు. ఎండ ముఖ్యమనుకుని చూరు కిందిభాగాన్ని నేనే నల్లగా వదిలేశాను. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ముందు చూరు కిందికి చేరి, కొయ్య పక్కన కొలత టేపు ఆనించి, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, కింది నుంచి ఒకటి తీస్తాను. ఊరు, వీధి, తేదీ, ఇల్లు ఏ ముఖమో ఫైలులోనే రాసి, ఒక ప్రతిని ఆ ఇంటివారికి ఇస్తాను. ముందువైపు ఫోటో సంగతి ఆ తరవాతే.