ఆ పిప్పరమెంటు డబ్బా

చిన్నూ, పండూ,

మొన్న ఫోన్లో, 1988 నాటి జపాన్ బొమ్మల సినిమా ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ చూసి ఏడ్చామన్నారు. నేనూ ఏడ్చాను. డబ్బాలో పిప్పరమెంటు బిళ్ళలు అయిపోతే అన్న సెయిటా అందులో నీళ్ళు పోసి ఇస్తాడు. నాలుగేళ్ళ సెట్సుకో ద్రాక్ష, స్ట్రాబెర్రీ అని రుచులు చెప్పుకుంటూ తాగుతుంది. చివరికి ఆ డబ్బాలోనే ఆ పిల్ల ఎముకలు.

“జపాన్ వాళ్ళు పాపం కదా తాతయ్యా” అన్నాడు పండు. పాపమేరా. కానీ ఆ పిల్లల నాన్న జపాన్ నేవీ ఆఫీసరు. ఆయన ఎక్కడికెళ్ళి ఎవరితో యుద్ధం చేశాడో సినిమా అడగదు. అది తప్పనను. పద్నాలుగేళ్ళ సెయిటాకు తెలిసినంతే మనకూ కనిపిస్తుంది. దర్శకుడు టకహాటా తొమ్మిదేళ్ళప్పుడు ఒకయామాలో బాంబుల మధ్య పరుగెత్తినవాడు. ఆయనే ఇది యుద్ధ వ్యతిరేక సినిమా కాదనేవాడు!

సెయిటా వాళ్ళ కోబె ఊరు 1945 మార్చిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి అమెరికా బాంబులకు తగలబడింది. ఆ మధ్యలో, ఏప్రిల్‌లో, నేవీ తీయించిన ఇంకో బొమ్మల సినిమా విడుదలైంది. జపాన్ జానపద కథల వీరుడు మొమొతారో కోతుల్నీ ఎలుగుబంట్లనీ సైన్యంగా వేసుకుని, పారాచూట్లతో దిగి, ఓ దక్షిణ దీవిని తెల్లవాళ్ళ నుంచి ‘విడిపిస్తాడు’. తెల్ల అధికారులకు నెత్తిన కొమ్ములు. దీవిలోని జంతువులకు జపాన్ అక్షరాలు పాట కట్టి నేర్పుతారు. పాట ఎంత బాగుంటుందంటే, నాకు భయమేసింది. తీరా ఆ సినిమా చూడ్డానికి పట్నాల్లో పిల్లలే లేరు, బాంబులకు భయపడి పల్లెలకు పంపేశారు.

అప్పుడు విడిపించే వీరుడు, 1988కి ఆకలితో పోయే పసిపిల్ల. లోకానికి రెండో బొమ్మే గుర్తుండిపోయింది. జపాన్ ఏలుబడిలో నలిగిన కొరియా వాళ్ళు మాత్రం అంత తేలిగ్గా మరిచిపోలేదు. 2013లో మియజాకి అనే ఇంకో దర్శకుడు జపాన్ వాళ్ళ ‘జీరో’ యుద్ధవిమానం రూపకర్త కథ తీస్తే అక్కడ చాలామందికి ఒళ్ళు మండింది.

మనకూ తగిలింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. మా అమ్మకప్పుడు పదేళ్ళు. పొయ్యి మీద అన్నం వదిలేసి మూటలతో ఊరు దాటారట. బాంబుల కంటే ఆ అన్నం గురించే ఎక్కువ చెప్పేది, ఉడికిందో మాడిందో అని.

సెలవులకు రండి, ‘ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్’ చూద్దాం. 2016లో వచ్చింది, కురే అనే నేవీ రేవులో ఓ కోడలి కథ. జపాన్ లొంగిపోయిందని రేడియోలో విన్నాక, దూరంగా ఇళ్ళ మధ్య ఓ కొరియా జెండా లేస్తుంది. కాసేపే కనిపిస్తుంది, ఎవరూ ఏమీ చెప్పరు. అక్కడ పాజ్ కొట్టి, ఆ ఇళ్ళలోకి కొరియా వాళ్ళు ఎలా వచ్చారో చెప్తాను.

మీ తాతయ్య,
విశాఖపట్నం