జైలు నుంచి ఆసుపత్రికి పంపాక ఏమవుతుంది?

1951లో అస్సాంలో 23 ఏళ్ల ఓ యువకుణ్ని అరెస్టు చేశారు. మానసిక స్థితి బాగాలేదని తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో అక్కడి డాక్టర్లు ఆయన కోలుకున్నారని తేల్చారు. అప్పుడు కోర్టు ముందు నిలబెట్టి విచారించాలి, లేదా వదిలేయాలి. రెండూ చేయలేదు. గువాహటి జైలుకు మార్చి మరిచిపోయారు. 2005లో ఒక్క రూపాయి సొంత పూచీకత్తు మీద బయటికొచ్చేసరికి ఆయనకు 77 ఏళ్లు. రెండేళ్లకే చనిపోయారు.

చట్టం లేక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. మానసిక జబ్బు వచ్చిన ఖైదీని ఆసుపత్రికి పంపవచ్చని 1900 నాటి ఖైదీల చట్టం 30వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. కోలుకున్నాక శిక్ష మిగిలి ఉంటే తిరిగి జైలుకు, లేకుంటే విడుదల. ఆసుపత్రులూ ఉన్నాయి. మన విశాఖ మానసిక ఆసుపత్రి 1871 నాటిది. 1912 లూనసీ చట్టం మాత్రం ఇలాంటి వాళ్లకు 'క్రిమినల్ లూనాటిక్' (నేరస్థుడైన పిచ్చివాడు) అని పేరు పెట్టింది. రోగి అనే మాట వెనక్కి పోయి నేరస్థుడనే ముద్ర ముందుకొచ్చింది.

1982లో బిహార్‌లోని హజారీబాగ్ జైలు సంగతి ఒక ఉత్తరం ద్వారా సుప్రీంకోర్టుకు చేరింది. మతి స్థిమితం లేదంటూ పెట్టినవాళ్లు కోలుకున్నా ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. కొందరికి పాతికేళ్లు దాటాయి. అస్సాం, పశ్చిమ బెంగాల్‌లలో ఇంకా ఘోరం. ఏ నేరమూ చేయని మానసిక రోగులనే జైళ్లలో ఉంచేవారు. అది రాజ్యాంగ విరుద్ధమని 1993లో సుప్రీంకోర్టు తేల్చింది.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 103వ సెక్షన్ ప్రకారం, అలాంటి ఖైదీని జైలు ఆసుపత్రిలోని మానసిక వార్డుకు మార్చినా సరిపోతుంది. ఆ వసతి లేకపోతే, ఈ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డు ముందస్తు అనుమతితో బయటి ఆసుపత్రికి పంపవచ్చు. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక్క జైల్లోనైనా మానసిక వైద్య కేంద్రం ఉండాలి. మానసిక జబ్బున్న ఖైదీలెవరూ తమ జైల్లో లేరని జైలు డాక్టరు మూడు నెలలకోసారి బోర్డుకు ధ్రువీకరించి పంపాలి.

నా దృష్టిలో ఈ చివరిదే అసలైనది. అయితే ఆసుపత్రికి పంపినవాళ్ల వివరాలు కూడా అందులో రాయాలి. ఎర్రగడ్డకు వెళ్లిన రిమాండ్ ఖైదీ ఎప్పుడు వెళ్లాడు, ఎప్పటికి కోలుకున్నాడు, ఆ మాట కోర్టుకు ఎవరు చేరవేశారు, ఇంటివాళ్లకు కబురు వెళ్లిందా? తేజ్‌పూర్ డాక్టర్లు తమ పని చేశారు. ఆ తర్వాత అడిగేవాళ్లే లేకపోయారు.