బ్యాక్టీరియా కాంక్రీటు: గొడవంతా ‘బలం’ అన్న మాట దగ్గరే

బ్యాక్టీరియా కలిపితే కాంక్రీటు బలం పెరుగుతుందా, లేక పగుళ్లు మాత్రమే పూడతాయా అన్న వాదన మళ్లీ మొదలైంది. సిమెంటు పుట్టుక దగ్గర్నుంచి చెప్పుకుంటూ కూర్చోకుండా నేరుగా నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌కి వెళ్దాం, ఎందుకంటే నా లెక్కలో అసలు మలుపు అక్కడే ఉంది.

అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజిస్టు హెంక్ యోంకర్స్ 2006లో ఈ పని మొదలుపెట్టాడు. తడి కాంక్రీటు పీహెచ్ (క్షారం ఎంతుందో చెప్పే కొలత) 13 దాకా ఉంటుంది, అంత క్షారంలో మామూలు సూక్ష్మజీవి బతకదు. అందుకని క్షారాన్ని తట్టుకునే బాసిల్లస్ అనే బ్యాక్టీరియా రకాలను స్పోర్ల రూపంలో, అంటే గట్టి పెంకులో నిద్రపోయే దశలో, ఎంచుకున్నాడు. తిండిగా కాల్షియం లాక్టేట్ అనే లవణం. ముందు వీటిని నేరుగా మిక్స్‌లోనే కలిపి చూశారు. కానీ సిమెంటు గట్టిపడేకొద్దీ లోపలి రంధ్రాలు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) కంటే సన్నబడిపోతాయి, స్పోరు సైజు కూడా దాదాపు అంతే. కొన్ని నెలలకే చాలావరకు చచ్చిపోయాయి.

దాంతో స్పోర్లనీ తిండినీ తేలికపాటి మట్టి గుళికల్లో పెట్టారు. పగులు వచ్చినప్పుడు గుళిక కూడా పగులుతుంది, నీళ్లు దిగుతాయి, బ్యాక్టీరియా లేచి లాక్టేట్ తిని సున్నపురాయి కడుతుంది. 2011లో అచ్చయిన ఫలితాల్లో వంద రోజుల్లో 0.46 మి.మీ. వెడల్పు పగుళ్ల దాకా పూడాయి, బ్యాక్టీరియా లేనివాటిలో 0.18 మి.మీ. దగ్గరే ఆగిపోయింది. మరి దీనికి ఇచ్చుకున్నదేమిటి? గులకరాళ్ల చోటులో మెత్తటి గుళికలు పడితే కాంక్రీటు బలం తగ్గుతుంది. అంటే బ్యాక్టీరియాని బతికించుకోవడానికి బలంలో కొంత వదులుకున్నారన్నమాట. బలం పెరుగుతుందనే ఇప్పటి ప్రచారంలో ఈ ముక్క ఎక్కడా కనిపించదు.

‘బలం’ వైపు వాళ్ల దగ్గరా ఆధారం లేకపోలేదు. 2005లో కోల్‌కతా జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం వాళ్లు షెవనెల్లా జాతి బ్యాక్టీరియా కలిపిన మోర్టార్‌లో (సిమెంటు, ఇసుక, నీళ్ల మిశ్రమంలో) 28 రోజులకి 25 శాతం ఎక్కువ బలం చూపించారు. అంతకుముందే అమెరికాలో సౌత్ డకోటా పరిశోధకులు యూరియాని విడగొట్టే స్పోరోసార్సినా అనే బ్యాక్టీరియాతో పగుళ్లు నింపారు, కాకపోతే ఆ దారిలో అమోనియా వెలువడే బెడద ఉంది. ఇవి అబద్ధాలని నేననను.

కానీ పగులు పూడటం వేరు, విరిగినచోట మళ్లీ బరువు మోయడం వేరు. ఆ సున్నపురాయి పూత చేసే అసలు పని నీళ్లూ క్లోరైడ్లూ (ఉప్పులాంటి లవణాలు) లోపలి ఇనుప చువ్వల దాకా పోకుండా ఆపడం, దాంతో తుప్పు ఆలస్యమవుతుంది. అందుకే ఎవరైనా శాతాలు చూపిస్తే అది ఏ పరీక్షో అడగండి. 28వ రోజున ప్రెస్‌లో పెట్టి నలగ్గొట్టే కాంక్రీటు క్యూబులో ఇంకా పగులే రాలేదు, స్పోర్లకి లేవాల్సిన అవసరం అప్పటికి మొదలే కాలేదు.