నానమ్మ తలకు స్కాన్ ఎందుకు తీశారంటే

చిన్నీకీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

నానమ్మ బాత్రూంలో జారిపడ్డ రోజు ఫోన్లో అడిగారు కదా, "చేతికి ఎక్స్‌రే చాలన్నప్పుడు తలకి సీటీ స్కాన్ ఎందుకు తాతయ్యా?" అని. అప్పుడు నా టెన్షన్ నాది, ఏదో చెప్పి పెట్టేశాను. ఇప్పుడు నానమ్మ కులాసా. మణికట్టుకు కట్టు, అంతే. ఆ చేతి గాజులు తీయడానికే సబ్బు సగం అరిగింది.

కరెంటు పోయినప్పుడు సెల్ లైటు ముందు చేతులు పెట్టి గోడ మీద కుందేలు చేస్తారే, ఎక్స్‌రే అలాంటి నీడే. ఈ కిరణాలు కండలోంచి చాలావరకు దూసుకుపోతాయి, ఎముక దగ్గర ఎక్కువగా ఆగిపోతాయి. అందుకే ఫిల్ములో ఎముక తెల్లగా ఉంటుంది. 1895లో ఈ కిరణాలను కనిపెట్టిన రాంట్‌జెన్ తన భార్య చేతిని ఇలాగే తీస్తే, ఎముకలతోపాటు వేలి ఉంగరమూ పడింది.

నీడతో చిక్కేమిటంటే ముందున్నవీ వెనకున్నవీ ఒకదాని మీద ఒకటి పడతాయి. మణికట్టయితే ఇటొకటి అటొకటి తీస్తే సరిపోతుంది. తలకు చుట్టూ పుర్రె ఉందే! లోపల రక్తం కారినా, మెదడుకీ దానికీ ఉండే కాస్త తేడా పుర్రె నీడలో కలిసిపోతుంది.

సీటీలోనూ అవే కిరణాలు. చిల్లుగారెలాంటి మిషన్‌లో కిరణాలు వదిలే ట్యూబు తల చుట్టూ తిరుగుతుంది. ఎదురుగా ఉన్న డిటెక్టర్లు ఏ వైపు నుంచి ఎంత కిరణం మిగిలి వచ్చిందో కొలుస్తాయి. మిగతాదంతా కంప్యూటర్ లెక్కే.

ఆ లెక్క మీరూ చేయొచ్చు. కాగితం మీద రెండు వరసల్లో నాలుగు గళ్లు గీయండి. ఒక్కో గడి తలలో ఒక ముక్క, గడిలో అంకె ఆ ముక్క ఎంత కిరణాన్ని ఆపుతుందో అనుకోండి. పై వరస మొత్తం 3, కింది వరస 7. ఎడమ నిలువు 4, కుడి నిలువు 6. గళ్లలో ఏ అంకెలున్నాయి? ఒకటి కంటే ఎక్కువ జవాబులు వస్తాయి. ఎడమ పై గడినీ కుడి కింది గడినీ ఐమూలగా కలిపితే 5 అని కూడా చెప్పాననుకోండి, ఒక్కటే మిగులుతుంది. చుట్టూ తిరిగి కొలవడం అందుకే.

ఇంగ్లండులో ఈఎంఐ అనే కంపెనీలో ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ మిషన్‌తో 1971 అక్టోబర్ 1న మొదటి రోగి తల తీశారు. డిగ్రీ చొప్పున 180 సార్లు తిప్పి, తిప్పినప్పుడల్లా 160 కొలతలు. గుణించి చూడండి. నానమ్మకు మాత్రం స్కాన్ కొన్ని సెకన్లలో అయిపోయింది, బల్ల మీద పడుకోబెట్టడానికే ఎక్కువసేపు పట్టింది. కిరణాలు ఎక్కడ ఎంత ఆగాయో చెప్పే, హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదున్న కొలతలో నీళ్లు 0, గాలి -1000. మెదడు 30, 40 దగ్గర ఉంటుంది, అప్పుడే కారిన రక్తం 60 చుట్టూ. డాక్టరుగారు వెతికింది ఆ తేడా కోసమే. లేదు.

మరి అందరికీ సీటీయే తీయొచ్చుగా అంటారేమో. మామూలు ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే ఛాతీ సీటీకి పదుల రెట్లు రేడియేషన్. మణికట్టుకు అంత అక్కర్లేదు.

గళ్ల జవాబు నేను రాయను. ఆదివారం ఫోన్ చేసి నానమ్మకే చెప్పండి, ఆవిడా లెక్క వేస్తోంది, ఎడమచేత్తో.

మీ తాతయ్య