గప్పీలు, మోలీలు చచ్చేది రోగంతో కాదు, కడగడంతో: అపోహలు - వాస్తవాలు

సోమవారం వచ్చిందంటే మా అక్వేరియం షాపులో ఒకటే మాట. "అన్నా, నిన్ననే ట్యాంక్ నీట్‌గా కడిగాం. పొద్దున లేచేసరికి మూడు గప్పీలు పోయాయి. రోగం చేపలు గానీ ఇచ్చావా?"

ఆదివారం ఏం జరిగి ఉంటుందో నాకు తెలుసు. నీళ్లన్నీ పారబోస్తారు. రాళ్లు, ఫిల్టర్ స్పాంజ్ కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా తోముతారు. కొందరైతే సర్ఫ్ కూడా వేస్తారు. బకెట్లో ఉంచిన చేపల్ని తీసి కొత్త నీళ్లలో వదులుతారు.

అపోహ: నీళ్లన్నీ మార్చి, అన్నీ తోమితేనే చేపలు ఆరోగ్యంగా ఉంటాయి.

వాస్తవం: చేప మొప్పల నుంచి అమోనియా వస్తూనే ఉంటుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా వచ్చేది అదే. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, నైట్రేట్ కొంచెం ఉన్నా చేప తట్టుకుంటుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో కంటే స్పాంజ్‌లో, రాళ్ల మీదే ఎక్కువ. మురికి అనుకుని మీరు తోమి పారేసింది దాన్నే. మిగిలిన కాస్తనీ కుళాయి నీళ్లలోని క్లోరిన్ చంపుతుంది, చేపల మొప్పల్నీ కాలుస్తుంది.

ఆ రోజు బతికినవి కూడా రెండు మూడు రోజుల్లో నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రెక్కలు ముడుచుకుంటాయి. మోలీలు ఉన్నచోటే వణుకుతూ ఊగుతాయి. ఇంట్లో టెన్షన్ మొదలు. నీళ్లు పాడయ్యాయని మళ్లీ మొత్తం కడుగుతారు! పక్కింటాయన చెప్పాడని నీలం మందు పోస్తారు. చివరికి అన్నీ పోయాక, "ఇంటికి తగిలిన దిష్టి చేప తీసుకెళ్లిందిలే" అంటారు. దిష్టి కాదండీ, అమోనియా.

చేయాల్సింది చాలా తక్కువ. వారానికోసారి పావు వంతు నీళ్లు పైపుతో అడుగు నుంచి లాగండి. స్పాంజ్ జిగటైతే, ఆ తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి పోయండి. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొన్న రోజే ఇరవై చేపలు అడిగేవాళ్లకు అందుకే నేను ఇవ్వను. బేరం పోయినా సరే.

మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. చేప పోయినప్పుడల్లా కళ్లనీళ్లు పెట్టుకునేవారు, ఆ బాధలో ఇంకా గట్టిగా తోమేవారు. ఒకరోజు వాళ్లింటికి వెళ్లి స్పాంజ్ చేతిలోంచి లాక్కోవాల్సి వచ్చింది. ఇప్పుడు చేపలు బాగున్నాయి, ఫోన్లు మాత్రం ఆగలేదు. "బాబూ, అద్దానికి పాచి పట్టింది!" "ఉండనివ్వండి టీచర్ గారూ, మోలీలు తింటాయి."

మిగతావి గబగబా చెప్పేస్తాను.

బోరు నీళ్లు పనికిరావు, ఆర్‌ఓ నీళ్లే పోయాలంటారు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్, ఇవన్నీ కాస్త కఠిన జలం కోరే చేపలే. ఖనిజాలు తీసేసిన ఉత్త ఆర్‌ఓ నీళ్లలో నీరసిస్తాయి.

రాత్రిపూట ఫిల్టర్ ఆపితే కరెంటు ఆదా అంటారు. 5 వాట్ల ఫిల్టర్ నెలంతా తిరిగినా నాలుగు యూనిట్లు కాదు. ఆపితే మాత్రం ఆ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు.

"ఆడవే కొన్నాం, పిల్లలెలా పెట్టాయి? మగదాన్ని కలిపి ఇచ్చారు" అని ఒకాయన షాపులో పెద్ద గొడవే చేశాడు. ఆడ గప్పీ ఒక్కసారి మగదానితో కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని, దాదాపు నెలకోసారి పిల్లలు పెడుతుంది. షాపులో ఆడా మగా ఒకే ట్యాంకులో ఉంటాయి కాబట్టి మీ ఇంటికి వచ్చేవాటిలో చాలావరకు కడుపుతోనే వస్తాయి. తల్లి పిల్లల్ని తినేస్తుందని ఇరుకు ప్లాస్టిక్ డబ్బాలో రోజుల తరబడి బంధించకండి, బెదిరిపోతుంది. నాచు మొక్కలు గుబురుగా వేస్తే కొన్ని పిల్లలు వాటంతటవే దాక్కుని బతుకుతాయి.

ఇంకొకటి. దోమల కోసం బావుల్లో వదిలే గంబూసియా చేపల్ని "ఇవీ గప్పీలేగా" అని పట్టుకొచ్చి ట్యాంకులో వేస్తున్నారు. అవీ పిల్లలు పెట్టే చేపలే గానీ గప్పీల తోకలు కొరికి పీలికలు చేస్తాయి. వేసేసి ఉంటే ఈరోజే వేరే తొట్టిలోకి మార్చండి.