తెలుగు పీరియడ్‌లో ఒక అర్థం, సైన్సు పీరియడ్‌లో ఇంకో అర్థం: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. సాయంత్రాలు మా మిద్దె మీద తొమ్మిది, పది చదివే పిల్లలు కొందరు కూర్చుని చదువుకుంటారు. లెక్కలు, సైన్సు నేను చెప్పను. అయినా ఆ పుస్తకాల్లో ఎక్కడో ఆగిపోయి నన్ను పిలుస్తారు. వెళ్లి చూస్తే చాలాసార్లు అడ్డం పడింది లెక్క కాదు, మాట. పొద్దున నా పీరియడ్‌లో విన్న మాటే మధ్యాహ్నం ఇంకో అర్థంతో ఎదురై ఉంటుంది. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. పిల్లలేమో తమకే తెలివి తక్కువనుకుని టెన్షన్ పడతారు. అది చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా తల్లిదండ్రుల దగ్గరా, తోటి టీచర్ల దగ్గరా వింటున్న కొన్ని అపోహలను అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒకే మాటకు ఇన్ని అర్థాలుండటం తెలుగు లోపం. ఇంగ్లీషులో ఈ గొడవ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. 'పవర్' అంటే ఫిజిక్సులో పని జరిగే రేటు, లెక్కల్లో ఘాతం, కళ్లద్దాల షాపులో కటక సామర్థ్యం, పేపర్లో అధికారం. 'సెల్' జైల్లో ఉంది, జీవశాస్త్రంలో ఉంది, టార్చిలైటులో ఉంది, జేబులోనూ ఉంది. ఏ భాషలోనైనా శాస్త్రాలు వాడుకలో ఉన్న మాటను తీసుకుని తమ అవసరానికి బిగించుకుంటాయి. మీడియం మార్చినంత మాత్రాన ఈ ఇబ్బంది పోదు.

అపోహ: ఆ అర్థాలకు ఒకదానితో ఒకటి పొత్తు లేదు. విడివిడిగా బట్టీ పట్టాల్సిందే.

వాస్తవం: చాలా మాటల్లో పొత్తు ఉంది, చూపించేవాళ్లే లేరు. 'ధాతువు' తీసుకోండి. వ్యాకరణంలో ధాతువంటే క్రియకు మూలరూపం. వండాడు, వండుతుంది, వండని, వండితే... వీటన్నిటి అడుగున 'వండు' ఉంది. ఆయుర్వేదంలో రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అని ఏడు ధాతువులు. రసాయన శాస్త్రంలోకి వస్తే, లోహాన్ని లాభసాటిగా తీయగలిగిన ఖనిజం ధాతువు. అల్యూమినియానికి బాక్సైట్, ఇనుముకు హెమటైట్. ఈ మూడూ వేర్వేరు లోకాలే. కానీ సంస్కృతంలో 'ధా' అంటే ఉంచడం, నిలపడం, ధరించడం. క్రియారూపాలను నిలబెట్టేది ఒకటి, శరీరాన్ని నిలబెట్టేవి ఇంకొన్ని, లోహాన్ని తనలో ధరించింది మరొకటి. ఇలా చెప్పిన రోజు పిల్లలు రాసుకోవడం ఆపి తలెత్తి వింటారు.

పొత్తు తెలిశాక గీత ఎక్కడుందో కూడా చెప్పాలి. బంకమట్టిలోనూ అల్యూమినియం ఉంది. అయినా దాన్నుంచి తీయడం గిట్టుబాటు కాదు కాబట్టి బంకమట్టి అల్యూమినియం ధాతువు కాదు. ఈ షరతు 'ధా'లో ఎంత వెతికినా దొరకదు, రసాయన శాస్త్రం పెట్టిన నిర్వచనంలోనే ఉంది. పైగా మన పిల్లలు అదే బడిలో హిందీ కూడా చదువుతారు. హిందీలో మామూలుగా ధాతు అంటే లోహమే, ముడిఖనిజం కాదు. హిందీ పీరియడ్ అయ్యాక సైన్సు పరీక్ష రాసి, 'ధాతువులకు ఉదాహరణలు' అన్నచోట రాగి, వెండి, బంగారం అని రాసిన పిల్లవాడు నాకు తెలుసు. వాడిది అశ్రద్ధ కాదు. విన్నది విన్నట్టే రాశాడు.

'గుణం' కథ ఇంకొంచెం వేరు. దాని పాత అర్థాల్లో ఒకటి పోగు, పేట, తాడు. వింటినారిని కూడా గుణమనే అంటారు. రెండు పేటలైతే ద్విగుణం, మూడు పేటలైతే త్రిగుణం. గుణకారం, గుణకం, గుణశ్రేఢి అన్నీ ఈ పేటల లెక్కకు చుట్టాలే. తిరుపతిలో పూలు కట్టేవాళ్ల ఇంటి పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు, 'రెండు పేటల దండ' అనగానే పట్టుకుంటారు. సత్త్వం, రజస్సు, తమస్సులకు గుణాలని సాంఖ్య దర్శనం వాళ్లు పెట్టిన పేరు. మందు వేసుకుంటే గుణం కనిపించిందని మన ఇళ్లలో అంటాం. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని మాత్రం అ, ఏ, ఓ అనే అచ్చులకు 'గుణం' అని పేరు పెట్టాడు. వేంకట + ఈశ్వరుడు కలిసి వేంకటేశ్వరుడైతే అందుకే అది గుణసంధి. ఇక్కడ పేటల కోసం, మంచి లక్షణాల కోసం వెతక్కండి. అది శాస్త్రం తన పని కోసం పెట్టుకున్న సంజ్ఞ, అంతే. ప్రతి మాటకూ అందమైన వ్యుత్పత్తి కథ అల్లి చెప్పడం నా దృష్టిలో పిల్లలకు మేలు చేయదు.

అపోహ: మూలార్థం తెలిస్తే చాలు, ఏ శాస్త్రంలోనైనా ఆ మాట అర్థమైపోతుంది.

వాస్తవం: తెలుగు టీచర్లం మేమే ఎక్కువగా చేసే తప్పు ఇది. ఒక ఏడాది నేను సమాసాలు చెబుతున్నాను. పదాలు కలిసి ఒకే పదమైతే సమాసమని నొక్కి నొక్కి చెప్పాను. అదే వారం లెక్కల్లో బీజీయ సమాసాలు మొదలయ్యాయి. ఒక అబ్బాయి 3ఎక్స్ + 5 కి జవాబు 8ఎక్స్ అని రాశాడు. ఎందుకురా అంటే, "సమాసం గదా సార్, ఒకే పదం అయిపోవాల గదా" అన్నాడు. ఆ తప్పులో నా పాఠం ఉంది.

ఆ రోజు నుంచి రెంటినీ పక్కపక్కన పెట్టి చెబుతున్నాను. రాముని బాణం 'రామబాణం' అయినప్పుడు మధ్యలో 'ని' లోపించి రెండు పదాలూ ఒకటయ్యాయి. 3ఎక్స్ + 5 లో ప్లస్ గుర్తు ఎక్కడికీ పోదు. ఆ రెండూ విజాతి పదాలు కాబట్టి సమాసంలో ఉంటూనే విడిగా ఉంటాయి. 3ఎక్స్, 5ఎక్స్ లాంటి సజాతి పదాలైతేనే కలిసి 8ఎక్స్ అవుతాయి. కలిసి ఉండటం రెండుచోట్లా ఉంది, కలిసే పద్ధతి వేరు. ఇంటర్‌కు వెళ్లాక 'ద్విపద సిద్ధాంతం' వస్తుంది. దాని ద్విపదలో రెండు పదాలుంటాయి. తాళ్ళపాక చిన్నన్న కావ్యాలు రాసిన ద్విపదలో ఉండేది రెండు పాదాలు, ఒక్కో పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ముందే ఒక్క మాట చెప్పి పంపితే పిల్లలు అక్కడ తికమకపడరు.

'అణువు' దగ్గర మాత్రం ఊరంతా తప్పుగానే అంటోంది, నేనూ అంటాను. బడి పుస్తకంలో పరమాణువులు కలిస్తే అణువు. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు. పేపర్లో మాత్రం అణుబాంబు, అణువిద్యుత్తు. దాంతో ఒక పాప అడిగింది: "సార్, అణువును పగలగొడితే బాంబు గదా, మరి లాబ్‌లో నీళ్లను విడగొడితే ఏమీ కాలేదే?" ఎంత మంచి ప్రశ్నో చూడండి. నీళ్లలోకి కరెంటు పంపితే అణువు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. అక్కడ పరమాణువులకు ఏమీ కాదు, వాటి మధ్య బంధాలే తెగుతాయి. బాంబులో పగిలేది యురేనియం, ప్లుటోనియం లాంటి బరువైన పరమాణువుల కేంద్రకం. పుస్తకం మాటతో చూస్తే 'కేంద్రక' అనడమే సరి. జనం నోట పడిన 'అణుబాంబు'ను మనం మార్చలేం. ఆ అణువు వేరు, కెమిస్ట్రీ అణువు వేరు అని క్లాసులో చెప్పడం మన చేతిలో ఉంది.

అపోహ: అనుమానమంటే సందేహం, ప్రమాణమంటే ఒట్టు. వీటికి శాస్త్రంతో పనేముంది?

వాస్తవం: నాకు బాగా ఇష్టమైన రెండు మాటలివి. ఎండాకాలంలో మా మిద్దె మీద నుంచి చూస్తే ఒక్కోసారి శేషాచలం వైపు పొగ లేస్తుంది. మంట కనపడదు. అయినా అడవి అంటుకుందని అందరం అనేస్తాం. పొగను చూసి నిప్పును తెలుసుకునే ఈ పద్ధతినే న్యాయశాస్త్రం (కోర్టుల న్యాయం కాదు, పాత తర్కశాస్త్రం) అనుమానం అంది. ఆ శాస్త్రానికి పాత నుంచీ ఉన్న ఉదాహరణ కూడా కొండ మీది పొగే. అక్కడ అనుమానం సందేహం కాదు, ఆధారం పట్టుకుని నిర్ణయానికి రావడం. మనం ఇప్పుడు వాడే అర్థం దానికి దాదాపు ఎదురుగా నిలబడింది.

ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని న్యాయశాస్త్రం చెప్పిన నాలుగు జ్ఞానసాధనాలకు ప్రమాణాలని పేరు. ఫిజిక్సులో ప్రమాణమంటే మీటరు, కిలోగ్రాము, సెకను లాంటి కొలత. మన జిల్లాల్లో ప్రమాణం అనగానే కాణిపాకం గుర్తొస్తుంది. తగాదా తెగకపోతే వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటారు, తాగుడు మానతానని అక్కడికి వెళ్లి ఒట్టు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. 'మా' అంటే కొలవడం. నిజాన్ని దేనితో కొలవాలి అన్న ప్రశ్న మూడుచోట్లా ఉంది. తేడా ఎక్కడంటే, ఫిజిక్సు తన ప్రమాణాన్ని అందరూ మళ్లీ సరిచూసుకునేలా ఉంచాలి. 1889 నుంచి కిలోగ్రామంటే పారిస్ దగ్గర భద్రపరిచిన ప్లాటినం–ఇరీడియం దిమ్మె. 2019 మే 20 నుంచి ఆ దిమ్మెను పక్కనపెట్టి, ప్రకృతిలో ఎక్కడా మారని ప్లాంక్ స్థిరాంకం అనే విలువ ఆధారంగా కిలోగ్రామును నిర్వచిస్తున్నారు. ఎక్కడో బీరువాలో ఉన్న ఒక్క వస్తువు మీద లోకమంతా ఆధారపడాల్సిన పని లేకుండా పోయింది.

అపోహ: పాత తెలుగు పారిభాషిక పదమే ఎప్పుడూ మేలు, ఇంగ్లీషు మాట రానివ్వకూడదు.

వాస్తవం: తెలుగు చెప్పేవాణ్నే అయినా దీనికి ఒప్పుకోను. ఆక్సిజన్‌ను పూర్వం 'ఆమ్లజని' అన్నారు. ఆక్సిజన్ అన్న పేరు అర్థమే ఆమ్లాన్ని పుట్టించేదని. ప్రతి ఆమ్లంలోనూ ఆ వాయువు ఉంటుందని నమ్మి లావోయిజర్ అనే శాస్త్రవేత్త అలా పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తర్వాత డేవీ అనే ఇంకో శాస్త్రవేత్త తేల్చాడు. ఇంగ్లీషు పేరులో ఆ పొరపాటు ఎవరికీ వినపడదు. తెలుగులో అనువదించగానే అది పైకి వచ్చి పిల్లలకు తప్పు నేర్పుతుంది. ఇలాంటిచోట ఆక్సిజన్ అనడమే మంచిది. ధాతువు, గుణం, సమాసం లాంటివి మాత్రం పిల్లలకు ఇప్పటికే నోట నానిన మాటలు. వాటిని వదులుకోకుండా అర్థం చెప్పి ఇవ్వాలి.

మా మిద్దె గోడకు ఒక చార్టు అంటించాం. మాట, ఏ పీరియడ్, అక్కడ అర్థం అని మూడు గళ్లు. ఈ నెల 'మూలం' రాస్తున్నాం. చెట్టు వేరు, వర్గమూలం, సమీకరణానికి మూలాలు, మూలకం, మూలా నక్షత్రం వరకు వచ్చింది. నిన్న ఒక అమ్మాయి వాళ్ల అవ్వకు మూలవ్యాధి ఉందని, అదీ రాయొచ్చా అని అడిగింది. రాయమన్నాను. ఏ పీరియడ్ అన్న గడిలో 'ఆసుపత్రి' అని రాసుకుంది.